మిలట్రీ బావకి నచ్చిన విమానం

మొన్న విశాఖ బీచ్ రోడ్డు మీద విమానాల విన్యాసాలు చూడ్డానికి వెళ్లాను. యారాడ కొండ వైపు నుంచి ఒక జెట్ విమానం వచ్చింది. వచ్చిందని మేం తలలెత్తేసరికే అది భీమిలి దిక్కున చుక్కంత అయిపోయింది. శబ్దం మాత్రం కాసేపు మా నెత్తిన ఉరిమి, తర్వాత దాని వెనకే పోయింది. జనం చప్పట్లు కొట్టారు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి, "ఏం స్పీడండీ బాబూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన ఏమనుకున్నాడో గాని కొంచెం అవతలికి జరిగి నిలబడ్డాడు.

నేను నవ్వింది ఆయన్ని చూసి కాదు. మిలట్రీ బావ పక్కనుంటే ఏమనేవాడో తలుచుకుని నవ్వాను. "స్పీడేటి బావా, స్పీడు. ఆడొచ్చినాడని మనకి తెలిసీసరికి ఆడు ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంతన్నాడు. కిందున్నోడి కస్టం ఆడికెలగ తెలుస్తాది?"

అతను పోయి చాలా ఏళ్లయింది. మా పేటలో చాలామందికి అతని అసలు పేరు తెలీదు. బంగ్లాదేశ్ యుద్ధం చేసి వచ్చినవాడు కాబట్టి మిలట్రీ, అందరినీ బావా అని పిలుస్తాడు కాబట్టి బావ. నాకన్నా పదేళ్లు పెద్దవాడైనా 'మీరు' అంటే ఒప్పుకునేవాడు కాదు. "మీరంతే నాకు వెనక ఇంకెవులో ఉన్నట్టుంటాది" అని నిజంగానే వెనక్కి తిరిగి చూసేవాడు.

డెబ్బయిల్లో నేను కంచరపాలెం రైలు గేటు దగ్గర ఒక పఠనమందిరం నడిపేవాణ్ణి. నడపడమంటే సాయంత్రం ఐదింటికి తాళం తీసి, పేపర్లు బల్ల మీద పరిచి, ఎనిమిదింటికి మళ్లీ మడతపెట్టడం. ఒకటే గది, రెండు బల్లలు, గూడ్సు బండి పోతుంటే గజగజలాడే ఒక బీరువా. మిలట్రీ బావ హార్బరులో పనిచేసేవాడు. ఓడలో సరుకు నింపే గొయ్యిలోకి దిగే కొక్కెం క్రేను డ్రైవరుకి పైనుంచి కనపడదు. అంచున ఒక మనిషి నిలబడి చేతి సైగలతో దించు, ఎత్తు, ఆగు అని చెప్పాలి. ఆ మనిషి ఇతనే. అందుకే మామూలుగా మాట్లాడుతున్నా చేతులు ఊరుకునేవి కావు. భార్య అన్నం వడ్డిస్తుంటే చాలని నోటితో చెప్పకుండా పిడికిలి బిగించి పైకెత్తేవాడు. అతను బావ కాబట్టి ఆవిడ నాకు అక్క. ఆ అక్క ఓసారి నాతో అంది, "ఆ పిడికిలి సూసి కొత్తల్లో నన్ను కొడతాడేటో అనుకున్నాను తమ్మూ. పెల్లయిన నెల్లాళ్లకి గాని తెలీలేదు, అన్నం సాలని."

మనుషుల్ని కూడా అతను మన యుద్ధ విమానాల పేర్లతోనే పిలిచేవాడు. ఎన్నికలప్పుడు జీపులో వచ్చి, దుమ్ము లేపి, దండం పెట్టి వెళ్లిపోయేవాడు సుకోయ్. గొంతు పెద్దది, ఒళ్లు చిన్నది అయిన కుళాయి దగ్గర పార్వతమ్మ నాట్. ఎత్తు మీద కూర్చుని కిందకి దిగకుండా అక్కణ్ణుంచే మాటలు జారవిడిచే అతని అత్తగారు కాన్‌బెర్రా బాంబరు. కబురు పెట్టగానే వచ్చి, జ్వరం తగ్గేదాకా మంచం పక్కన కూచుని వెళ్లే మా పేట ముసలి కాంపౌండరు ఒక్కడే హంటర్. హంటర్ అనిపించుకోవడం అతని దగ్గర పెద్ద బిరుదు. నాకు అది రాలేదు. "నువ్వు ఇంకా రన్‌వే మీదే ఉన్నావు బావా" అనేవాడు.

ఈ విమానాల పిచ్చికి సరైన జోడీ మా లెక్కల మేస్టారు. దగ్గర్లో ఉన్న మిషను స్కూల్లో పనిచేసేవారు. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఆదివారం చర్చి అయ్యాక తెల్ల చొక్కాతోనే మా గదికి వచ్చేవారు. ఆయన ఎన్నడూ తుపాకి పట్టుకోలేదు, విమానం ఎక్కలేదు. కాని ఏ విమానం గంటకి ఎన్ని మైళ్లు పోతుందో, ఎంత బరువు బాంబులు మోస్తుందో పేపర్లలోంచీ పత్రికల్లోంచీ ఏరి పట్టిక గీసి పెట్టుకునేవారు. ఇద్దరి వాదనా ఒకే ప్రశ్న మీద. నేల మీద పోట్లాడుతున్న సైనికుడికి ఆకాశంలోంచి సాయం రావాలంటే ఏ విమానం రావాలి?

మేస్టారి జవాబు మిగ్గు. లేదా సుకోయ్. "ధ్వని కన్నా వేగంగా పోతాది. శత్రువు తల తిప్పేలోపు పని అయిపోతాది. లెక్క ప్రకారం దీన్ని మించింది లేదు."

"లెక్క మీదే మేస్టారూ, కాదన్ను. గాని ఆ విమానానికి నాను కనపడతానా?"

"నువ్వెందుకు కనపడాలి? శత్రువు కనపడాలి."

"ఆడూ నానూ ఒకే పొలంలో ఉన్నాం కదేటి."

ఓ సాయంత్రం ఈ వాదన గదిలోంచి ఎదురుగా ఉన్న బజ్జీల బండి దగ్గరికి మారింది. బావ బల్ల మీద ఇడ్లీ పెట్టి ఊరన్నాడు. చట్నీ ఒలకబోసి కాలవన్నాడు. అవతల రెండు ఉల్లిపాయ ముక్కలు శత్రువులు, ఇవతల రెండు మనవాళ్లు. పొడుగాటి మిరపకాయ బజ్జీ తీసుకుని సుకోయ్ అని చెప్పి, మేస్టారి ముక్కు కింద నుంచి రయ్యిమని లాక్కెళ్లాడు.

"ఇప్పుడు సెప్పండి. ఏ ఉల్లిపాయి మనది, ఏది ఆడిది?"

మేస్టారు తడుముకున్నారు.

"సూసినారా. మీరు తిన్నగా కూకునే సూడ్లేపోనారు. ఆడు కొండంత ఇంజను మీద కూకుని ఎల్తన్నాడు." మళ్లీ చిన్న బజ్జీ తీసుకుని ఊరి చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. "ఇది హంటర్. ముక్కు కింద నాలుగు తుపాకులు. గాజు బుడగలోంచి నేలంతా కనపడతాది. ఓపాలి సూసుకుంతాది, తిరిగొస్తాది, అప్పుడు కొడతాది."

అలాగని సుకోయ్‌ని పూర్తిగా తీసిపారేసేవాడు కాదు. ఎన్ని దెబ్బలు తగిలినా ఇంటికి చేరుతుందని దానంటే ఓ గౌరవం. "గేదెలాంటిది బావా. ఇనప గేదె. కాపోతే దాహం ఎక్కువ. వొచ్చీరాడంతోనే ఎల్లిపోతానంటాది." మారుత్ అంటే ప్రేమ, మన దేశంలో కట్టినదని. గురి బాగుంటుంది, ఇంజనే నీరసం అనేవాడు. "మనింట్లో పిల్లోడికి ఒంట్లో బాగోకపోతే తిడతావేటి? అలగే ఇదీని." నాట్ కందిరీగ, ఆకాశంలో కందిరీగలతో పోట్లాడ్డానికి సరిపోతుంది. మిగ్గు ఎత్తులో మహారాజు, మహారాజుకి వీధిలో మనిషి కనపడడు. ఇలా ఒక్కొక్కదానికి ఒక్కో తీర్పు చెప్పి, ఆ బజ్జీని నోట్లో వేసుకునేవాడు. చివరికి బల్ల మీద హంటర్ ఒక్కటే మిగిలేది. దాన్ని మేస్టారికి ఇచ్చేవాడు.

కొన్నేళ్లు ఇలాగే గడిచాయి. అవతల గాజువాక వైపు ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్నారు. మా పేట కుర్రాళ్లంతా అటు పరుగెత్తుతున్నారు. మా బల్ల దగ్గర మాత్రం హంటరూ మిగ్గే.

అప్పట్లో ఓడల మీద విదేశీ నావికులు చదివి పారేసిన పత్రికలు పాతకాగితాల దుకాణాల్లో తూకానికి దొరికేవి. మా పఠనమందిరానికి అలా తెచ్చిన కట్టలో ఓసారి ఆయుధాల పత్రిక ఒకటి కనిపించింది. నడిమి పేజీలో అమెరికా వాళ్ల విమానం. అంత వికారమైన విమానాన్ని నేనెప్పుడూ చూడలేదు. రెక్కలు వెనక్కి వాలకుండా బల్లచెక్కల్లా తిన్నగా ఉన్నాయి. తోక దగ్గర రెండు పీపాలు అతికించినట్టు ఇంజన్లు. ముక్కులోంచి పెద్ద తుపాకి బయటికి పొడుచుకొచ్చింది. కింద రాసింది చదివి బావకి చెప్పాను. ఇది నేల మీది సైన్యానికి సాయపడ్డానికే ప్రత్యేకంగా కట్టిందట. హంటర్ కన్నా కూడా నిదానమట. నడిపేవాడు గట్టి లోహపు తొట్టిలో కూర్చుంటాడట. యుద్ధభూమి మీద చాలాసేపు తిరుగుతూ ఉండగలదట.

బావ ఆ పేజీని చాలాసేపు చూశాడు. వేలితో రెక్కల అంచు నిమిరాడు.

"దీన్ని ఏరోప్లేను ఇంజినీరు కట్టలేదు బావా. ఎవడో నేల మీద బోర్లా పడుకున్నోడు సెప్పి కట్టించినాడు."

మేస్టారు కళ్లజోడు సవరించుకుని పత్రికని రెండు సార్లు చదివారు. తన పట్టికలో కొత్త గడి గీశారు. వేగం దగ్గర అంకె వేసి, పక్కన చిన్నగా ఓ ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకాన్ని చూసి బావ ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఓడిపోయినట్టు ఒప్పుకోవడం మేస్టారికి అలవాటు లేని పని. భీమిలిలో ఒక విశ్రాంత వింగ్ కమాండరు ఉంటున్నారని ఆయన ఎక్కడో విన్నారు. ఆ ఏడు మా పఠనమందిరం వార్షికోత్సవానికి ఆయన్నే పిలుద్దామన్నారు. "విమానం నడిపినవాణ్ణే అడుగుదాం. ఆయనే తీర్పు చెప్తారు." పందెం కూడా కుదిరింది. ఓడినవాడు నెల్లాళ్లపాటు గదిలో విమానాల మాట ఎత్తకూడదు. ఇద్దరికీ అంతకన్నా పెద్ద శిక్ష లేదు.

స్కూలు హాల్లో సభ. వింగ్ కమాండరు గారు భీమిలి బస్సు దిగి, రోడ్డు మీద మరమరాలు కొనుక్కుని తింటూ నడిచొచ్చారు. తెలుగాయనే, గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద విమానాల బొమ్మలు గీస్తూ మాట్లాడారు. బావ మొదటి వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. ఆయన సర్వీసులో నడిపింది సుకోయ్ అని చెప్పగానే మేస్టారు వెనక్కి తిరిగి నా వైపు చూసి కళ్లతో నవ్వారు.

వింగ్ కమాండరు గారు హంటర్‌ని మెచ్చుకున్నారు. పైలట్‌కి చూపు బాగా ఆనుతుందన్నారు, తేలిగ్గా తిరుగుతుందన్నారు. అమెరికా వాళ్ల నిదానపు విమానం గురించి కూడా చెప్పారు. అప్పుడు సుద్దముక్క కింద పెట్టి, "అయితే ఒక్క మాట" అన్నారు. "కింద ఉన్నవాడికి మేం నెమ్మదిగా రావాలని ఉంటుంది. న్యాయమే. కానీ కింద మీరొక్కరే ఉండరు కదా. మమ్మల్ని కొట్టేవాడు కూడా ఉంటాడు. ఈ రోజుల్లో ఒక మనిషి భుజం మీద పెట్టుకుని పేల్చే క్షిపణులు వచ్చాయి. రెండోసారి తిరిగి వచ్చేవాడి కోసం వాడు గురి పెట్టుకుని కూర్చుంటాడు. మా వేగం గొప్ప కోసం కాదు, ప్రాణం కోసం. నిదానంగా తిరగమన్నప్పుడు లోపల కూర్చున్నవాడి సంగతి కూడా ఆలోచించాలి."

ఇన్నేళ్ల వాదనలో ఈ మాట మా బల్ల దగ్గర ఒక్కసారీ రాలేదు. మేస్టారి పట్టికలో దానికి గడి లేదు. బావ ఏదో ఒకటి అంటాడని అందరం చూశాం. అతను నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ప్రశ్నలడగమన్నారు. కాలేజీ కుర్రాడొకడు ఏదో అడిగాడు. ఆ తర్వాత బావ లేచి నిలబడ్డాడు.

"నాను ప్రెస్నడగను సార్. ఒకటి సెప్తాను."

"చెప్పండి."

"యుద్ధంలో నాను విమానాలోళ్లతో మాటాడే ఆఫీసరుకి రేడియో మోసీవోణ్ణి. ఓనాడు పొద్దున్న ఆయనికి బుజం మీద తగిలింది. ఎనక్కి పంపీసినారు. మైకు నా సేతికొచ్చీసింది. నాది ఏడో క్లాసు ఇంగ్లీసు, బజారు హిందీ. కాలవ గట్టు ఎనకాల కందకంలో నాతో కలిపి పన్నెండు మందిమి. అవతల ఇటకల బట్టీలోంచి కొడతన్నారు, తల లేపలేకపోతన్నాం. రెండు హంటర్లొచ్చినాయి. మాకూ ఆళ్లకీ మద్దిలో మావోళ్లు పొగబాంబు ఏసినారు గుర్తుకి. పొగకి లెఫ్ట్ అని సెప్పీసినాను నాను."

అతను ఎడమ చెయ్యి పైకెత్తాడు. అది గాల్లో అలాగే ఉండిపోయింది.

"నా లెఫ్ట్ సార్. ఆయన ఎదురొస్తన్నాడు. ఆయన లెఫ్ట్‌లో మేం ఉన్నాం."

ఆ చెయ్యి దించి మళ్లీ అందుకున్నాడు.

"ముందు విమానం ముక్కు మా మీదకే దించినాడు. నాలుగు తుపాకుల కన్నాలూ కనపడినాయి. పక్కనున్న సిక్కాయన గొనుక్కుంతన్నాడు దేవుణ్ణి. నా నోట మాట రాలేదు. కొట్టలేదు సార్ ఆయన. మా తల మీంచి ఎల్లిపోయి, రేడియోలో అడిగినాడు హిందీలో. 'నీ లెఫ్టా, నా లెఫ్టా?' అని."

చేత్తో గాల్లో నిలువుగా ఒక గొట్టం గీశాడు.

"అప్పటికి నాకు నోరొచ్చింది. పొగ గొట్టం, బట్టీ పొగ గొట్టం అన్నాను. మల్లీ తిరిగొచ్చినాడు. ఈపాలి ఆళ్లు ఆయన మీదే కొడతన్నారు, అంతా ఆయన మీదే. అయినా వొచ్చి బట్టీ కొట్టీసినాడు. ఎల్లిపోతంటే తోక ఎనకాల తెల్లగా ఏదో కారతన్నాది. మీరిందాక లోపలున్నోడి సంగతి అన్నారు కదా. ఆ సంగతి నానెరుగుదును సార్. ఎరిగే మాటాడ్లేదు. నాను తప్పు సెప్పబట్టి ఆయన రెండోపాలి తిరగాల్సొచ్చింది. ఆ పదకొండు మందికీ ఇయ్యాల్టికీ తెలీదు, నాను తప్పు సెప్పినానని."

వింగ్ కమాండరు గారు వేదిక దిగి అతని దగ్గరికి వచ్చారు. జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. ఏ నెల, ఏ వేళ, కాలవ పేరేమిటి, రేడియోలో ఆ పైలట్‌ని ఏమని పిలిచేవారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. రాసుకోవడం అయ్యాక అన్నారు, "ఆయన క్షేమంగా దిగాడో లేదో కనుక్కోవడం పెద్ద కష్టం కాదు. ఇన్నేళ్లూ ఎవర్నీ ఎందుకు అడగలేదు?"

"దిగలేదంతారేటోనని సార్."

ఆ రోజు పందెం ఎవరు గెలిచారో ఎవరూ అడగలేదు. కాని ఆ మర్నాటి నుంచి గదిలో ఇద్దరూ విమానాల మాట ఎత్తలేదు. మేస్టారు హాజరు పట్టీలు తెచ్చుకుని దిద్దుకునేవారు. బావ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా, ప్రకటనలతో సహా చదివేవాడు. పోస్ట్‌మేన్ మా గది అడ్రసుకి ఏదైనా తెచ్చిన రోజున బావ డ్యూటీ దిగి తిన్నగా వచ్చి, "ఏటొచ్చింది?" అని తలుపు దగ్గరే నిలబడి అడిగేవాడు. చందా కట్టమన్న కార్డు అనో, పత్రిక అనో చెప్పేవాణ్ణి. "సర్లే" అని చెప్పులు విప్పేవాడు. ఒకరోజు మేస్టారు ఉండబట్టలేక, "ప్రార్థనలో పెట్టాను బావా" అన్నారు. బావ తలూపి, "మీ లెక్కలో కూడా ఏసీండి" అన్నాడు.

రెండు నెలలు దాటాక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి అక్షరాలు. కవరు మీద నా పఠనమందిరం అడ్రసు, లోపల సంబోధన మాత్రం 'రేడియో మనిషికి' అని. బావ వచ్చేదాకా నేను సంతకం వైపు చూడకుండా ఆగలేకపోయాను. దాని కింద 'నీ లెఫ్టా అని అడిగినవాడు' అని ఉంది. వెంటనే వీధిలోకి వెళ్లి నిలబడ్డాను, అతను రైలు గేటు దాటుతుండగానే చెప్పాలని. దూరం నుంచే చెయ్యి ఊపాను. అతను అక్కడే ఆగిపోయాడు. గేటు పడిపోయింది. గూడ్సు బండి మా ఇద్దరి మధ్య నుంచి ఎంతకీ పూర్తవకుండా పోతూనే ఉంది. బండి దాటాక చూస్తే కూర్చుని ఉన్నాడు, పట్టాల పక్క రాయి మీద.

"ఉన్నారు బావా. ఆయనే రాశారు" అన్నాను.

అతను లేచి ఉత్తరం కోసం చెయ్యి చాచాడు.

మేస్టారు కూడా వచ్చాక బల్ల దగ్గర కూర్చుని ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. ఆ పైలట్ గారు ఉద్యోగం మానేసి మైసూరు దగ్గర కోళ్ల ఫారం పెట్టుకున్నారు. ఆ ఉదయం బాగా గుర్తుంది. తోకకి చిల్లులు పడ్డాయి, ఇంధనం ముల్లు అడుగంటింది, అయినా చక్రాల మీదే దిగారు. 'మీ గొంతు తడబడింది' అని రాశారు. 'మీరు ధీమాగా చెప్పి ఉంటే నమ్మి కొట్టేసేవాణ్ణి. తడబడ్డారు కాబట్టే ఇంకోసారి అడగాలనిపించింది. మీరు హంటర్‌ని చాలా పొగుడుతారని మీ సభకొచ్చిన మావాడు రాశాడు. మంచి విమానమే. కాని ఆ రోజు నేను సుకోయ్‌లో ఉన్నా అడిగేవాణ్ణి. ఇంకో చుట్టు తిరగడానికి దాంట్లో ఇంధనం మిగిలేదో లేదో మాత్రం చెప్పలేను.'

మేస్టారు నెమ్మదిగా, "అంటే సగం నాది" అన్నారు.

"సగం మీదే మేస్టారూ. తీసీసుకోండి" అన్నాడు బావ. నవ్వడం మొదలుపెట్టాడు. "సూసినావా బావా, గొంతు వొణికిందని ఇన్నేళ్లు సిగ్గుపడి సచ్చినాను. అది వొణకబట్టే బతికినామంట." నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మేం ముగ్గురం ఆ పూట ఎంత నవ్వామంటే బీరువా వెనక నిద్రపోయే పిల్లి లేచి బయటికి పోయింది.

ఆ చలికాలంలో పైలట్ గారు కలకత్తా వెళ్తూ దారిలో విశాఖలో దిగుతానని రాశారు. స్టేషనుకి ముగ్గురం వెళ్లాం. బావ కొత్త చొక్కా వేసుకున్నాడు. అక్క ఇచ్చిన బంతిపూల దండ చేతిలో పట్టుకుని, ఎక్కడ నలిగిపోతుందోనని ఒంటికి దూరంగా పెట్టుకున్నాడు. మాలో ఎవరమూ ఆయన్ని చూసినవాళ్లం కాదు, ఫొటో కూడా లేదు. ఆరడుగుల మనిషి, మీసాలు, నిటారు నడక అని బావ అనుకున్నాడు. మెయిలు బండి వచ్చింది. జనం దిగారు. మీసాలున్న ఒక పెద్దాయన ముందుకి ఓసారి, ఇంకో పొడుగాటాయన ముందుకి ఓసారి వెళ్లి నిలబడ్డాడు బావ. ఇద్దరూ దండ వైపు వింతగా చూసి తప్పుకుని పోయారు. ప్లాట్‌ఫారం సగం ఖాళీ అయింది. మేస్టారు రిజర్వేషను పెట్టెల వైపు వెళ్లి వెతుకుతున్నారు.

మా వెనక ఎవరో కూలీని హిందీలో అడుగుతున్నారు, బయటికి దారి ఎటని.

బావ కదల్లేదు. తిరిగి చూడలేదు. దండ పట్టుకున్న చెయ్యి మాత్రం కిందికి దిగింది. "ఈయనే బావా" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "నాకు తెల్సు. ఈయనే."

అప్పుడు తిరిగాం. పొట్టిగా, బట్టతలతో, భుజాన గుడ్డసంచీ వేసుకున్న మనిషి. సంచీలోంచి గుడ్ల అట్టపెట్టె కనిపిస్తోంది, మాకోసం మైసూరు నుంచి తెచ్చినది. బావ ఎదురుగా వెళ్లి ఎటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఆయన కూడా సంచీ కిందపెట్టి, అంతే శ్రద్ధగా తిరిగి కొట్టారు. ఇద్దరికీ దండ సంగతి గుర్తు లేదు. నేనే తీసి వేశాను.

రిక్షాలో ఇద్దరూ ఎక్కారు. మేస్టారూ నేనూ సైకిళ్ల మీద పక్కనే వెళ్లాం. విమానాల మాటే రాలేదు. స్టేషను గేటు దాటగానే బావ తన బజారు హిందీలో మొదలుపెట్టాడు. ఆ రోజు కందకంలో ఉన్న పదకొండుమందిలో ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో, ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరి కూతురికి పెళ్లి కుదిరిందో, ఎవరు ట్రాక్టరు కొన్నారో, ఎవరికి మోకాలి నెప్పో, ఒక్కొక్క పేరూ చెప్పుకుంటూ వచ్చాడు. కంచరపాలెం దాకా ఆపలేదు. ఆయన ఒక్కసారీ మధ్యలో మాట్లాడలేదు. ఒక పేరు దగ్గర మాత్రం, రిక్షా గతుకులో పడి సరిగా వినపడక, బావ మోకాలి మీద చెయ్యి వేసి అన్నారు, "ఏదీ, ఆ పేరు మళ్లీ చెప్పండి."